మురుగు శుద్ధికి కోట్లకంటె కావలి ముఖ్యం

చెరువు కట్టించడం ఒక ఎత్తు, తూము దగ్గర నీరు విడిచే మనిషిని పెట్టుకోవడం మరొక ఎత్తు. ఇది జిల్లా రైతులకు ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. నీరటికాడు లేని చెరువు కింద కట్ట ఎంత గట్టిదైనా చివరి మడి ఎండుతుంది. మురుగునీటి శుద్ధి కేంద్రాల సంగతీ సరిగ్గా ఇంతే. వాటిని కట్టించడంలో ప్రభుత్వాలు, పురపాలక సంఘాలు, కాలనీల నిర్మాతలు చూపే ఉత్సాహం వాటిని నడిపించడంలో కానరావడం లేదు. కొబ్బరికాయ కొట్టిన రోజు సందడి మూడేళ్ళు తిరిగేసరికి సద్దుమణుగుతుంది. బ్లోయరు బెల్టు తెగితే మార్చే దిక్కుండదు. జాలీకి అడ్డుపడిన చెత్త తీసే మనిషి ఉండడు. చివరకు "ఈ కేంద్రం చాలడం లేదు, కొత్తది కావాలి" అంటూ మరొక అంచనా తయారవుతుంది.

ఇది ఏ ఒక్క ఊరి కథా కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెల్లడించిన లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాలలో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు పుడుతున్నది. దీన్ని శుద్ధి చేయడానికి నెలకొల్పిన కేంద్రాల సామర్థ్యం 31,841 మిలియన్ లీటర్లు. అందులో నడుస్తున్న కేంద్రాల సామర్థ్యం 26,869. తీరా చూస్తే నిజంగా శుద్ధి అవుతున్నది 20,235 మిలియన్ లీటర్లే. అంటే ప్రజల డబ్బుతో కట్టిన సామర్థ్యంలోనే మూడో వంతుకు మించి ఉపయోగపడడం లేదు. కొత్తవి కట్టవలసిన అవసరం ఉన్న మాట నిజమే. ఐతే ఉన్నవాటిని సరిగా నడుపుకోకుండా కొత్తవి కట్టడం చిల్లికుండలో నీరు పోయడం వంటిది.

రెండు నదుల నడుమ

ఖానాపురం హవేలి ఒకప్పుడు గ్రామ పంచాయతి. 2012లో ఖమ్మం నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు నగరంలో కలిసింది. పొలాలున్న చోట ప్లాట్లు వచ్చాయి, ప్లాట్లలో మేడలు లేచాయి. మేడ మేడకూ స్నానాలగది, సెప్టిక్ ట్యాంకు వచ్చాయి. ఊరు పెరిగినంత వేగంగా మురుగుకు దారి ఏర్పడలేదు. ఈ రోజు ఖానాపురం హవేలి చూస్తున్న మార్పునే రేపు అడవి అంచున ఉన్న పల్లెలు కూడా చూడబోతున్నాయి. అందుకే ఈ విషయం నగరవాసులది మాత్రమే అనుకుని గ్రామస్థులు ఊరుకోవడానికి వీలులేదు.

చేదతో నీరు తోడుకున్న రోజులలో ఇంటికి నాలుగు బిందెలతో సరిపెట్టుకునేవారు. ఆ నీరు పెరటిలోని అరటి మొదట్లోనే ఇంకిపోయేది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం గ్రామాలలో మనిషికి రోజుకు 100 లీటర్ల నీరు ఇవ్వాలని లక్ష్యంగా పెట్టుకున్నది. వాడిన నీటిలో నూటికి 80 పాళ్ళు మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్ల లెక్క. ఆ ప్రకారం రెండు వేల జనాభా ఉన్న ఊరినుంచి రోజుకు 1,60,000 లీటర్లు బయటపడతాయి. ఇంత నీరు ఎక్కడికి పోవాలి? కాలువ లేకపోతే వీధిలో నిలుస్తుంది. కాలువ ఉంటే చెరువులో పడుతుంది.

ఈ ప్రాంతానికి మరొక ప్రత్యేకత ఉన్నది. ఖమ్మం వైపు మురుగు మున్నేరు దారి పట్టి చివరకు కృష్ణలో కలుస్తుంది. పాల్వంచ, బూర్గంపాడు వైపు నీరు కిన్నెరసాని గుండా గోదావరికి చేరుతుంది. రెండు మహానదులకు ఈ సీమ నీరే వెళుతున్నది. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశవ్యాప్తంగా కలుషితమైన 351 నదీ భాగాల జాబితా ప్రకటించగా, తెలంగాణకు సంబంధించిన పేర్లలో కిన్నెరసాని కూడా చోటు చేసుకున్నది. ఇది తలవంచుకోవలసిన విషయం. ఆ నీటినే దిగువ గ్రామాలు పశువులకు పడుతున్నాయి, పొలాలకు పారిస్తున్నాయి.

మురుగు పారిన పొలం మొదట్లో బాగానే పండినట్టు కనిపిస్తుంది. యూరియా వేయకుండానే పైరు నల్లగా ఏపుగా లేస్తుంది. తర్వాత నత్రజని మోతాదు మించి వరి పడిపోతుంది, దోమపోటు, తెగుళ్ళు పట్టుకుంటాయి. చెరువులో అమ్మోనియా పెరిగి, ప్రాణవాయువు తరిగి చేపలు తేలిపోతాయి. మురుగులో దిగి కలుపు తీసిన కూలీల కాళ్ళకు దురదలు, పిల్లలకు విరేచనాలు, నులిపురుగులు వస్తాయి. నష్టం మురుగు పుట్టించిన వీధిలో కనపడదు, దిగువన ఉన్న ఊరిలో కనపడుతుంది. ఈ సమస్య ఎవరికీ పట్టకపోవడానికి అసలు కారణం ఇదే.

పాలకు తోడు వేసినట్టే

శుద్ధి కేంద్రమంటే ఏదో మందు కలిపి నీటిని తెల్లగా చేసే యంత్రమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మురుగును శుద్ధి చేసేవి కంటికి కనపడని సూక్ష్మజీవులు. మాంచెస్టరు నగరంలో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు 1914లో ఈ పద్ధతిని లోకానికి వెల్లడించారు. మురుగులోకి గాలి ఊదుతూ, అడుగున దిగిన బురదను పారవేయకుండా మళ్ళీ కొత్త మురుగులో కలిపితే శుద్ధి ఎన్నో రెట్లు త్వరగా జరుగుతుందని వారు చూపారు.

ఇల్లాళ్ళు పాలు తోడు పెట్టడం కూడా ఇదే. నిన్నటి పెరుగు కొంచెం ఉంచుకుని నేటి పాలలో కలుపుతారు. తోడు చాలకపోతే పెరుగు తోడుకోదు, ఎక్కువైతే పులిసిపోతుంది, పాలు మరీ చల్లగా ఉన్నా పేరుకోవు. శుద్ధి కేంద్రంలో తోడు వంటిది బురద. దాన్ని ఎంత వెనక్కి తేవాలి, ఎంత బయటికి తీసివేయాలి, ఎంత గాలి ఇవ్వాలి అన్నదే విద్య. ఈ విద్యకు డిగ్రీలు అక్కరలేదు. పశువు పేడ చూసి దాని ఆరోగ్యం చెప్పగల రైతుకు తొట్టిలోని నురుగు రంగు చూసి దాని ఆరోగ్యం చెప్పడం నేర్పితే కొద్ది వారాలలో వస్తుంది. ఐతే నేర్పాలి. నేర్చినవాణ్ణి నిలుపుకోవాలి. నెలకొక కొత్త మనిషిని తెచ్చి పెడితే ఏ విద్యా నిలవదు.

ఖర్చు లేని ఆరు పనులు

చిన్న కేంద్రాలలో కోట్లు ఖర్చు లేకుండా చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ముఖద్వారం దగ్గరి జాలీని రోజుకు రెండుసార్లు శుభ్రం చేయడం. గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు, వెంట్రుకలు లోపలికి పోతే మోటారు రెక్కలకు చుట్టుకుంటాయి. మోటారు కాలిందంటే రివైండింగుకు రోజులు పడుతుంది. ఈలోగా తోడు చచ్చిపోతుంది. ఇసుక తొట్టిని వారానికొకసారి తీయకపోతే గాలి తొట్టి అడుగున ఇసుక మేటవేసి దాని లోతు తగ్గిపోతుంది. ఉన్న సామర్థ్యం అలా మట్టిలో కలిసిపోతుంది.

రెండవది, నీటిని సమంగా పంపడం. తెల్లవారి ఆరు నుంచి తొమ్మిది దాకా ఊరంతా స్నానాలు, బట్టలుతకడం చేస్తుంది. మురుగు ఉప్పెనలా వస్తుంది. మధ్యాహ్నం చుక్క ఉండదు. ఉప్పెన వచ్చినప్పుడు తోడు కొట్టుకుపోతుంది. ముందున్న తొట్టిలో నిలువచేసి రోజంతా కొద్దికొద్దిగా పంపితే అదే కేంద్రం మెరుగ్గా పనిచేస్తుంది. దీనికి కావలసింది మోటారు ఆన్ చేసే వేళలు మార్చడమే.

మూడవది, గాజు జాడీ పరీక్ష. గాలి తొట్టిలోని నీటిని గుర్తులున్న ఒక లీటరు జాడీలో పట్టి అరగంట కదలకుండా ఉంచాలి. బురద అడుగుకు దిగి 200 నుంచి 300 మిల్లీలీటర్ల గుర్తు దగ్గర ఆగి, పైన నీరు తేటగా ఉంటే సామాన్యంగా అంతా సక్రమమని అర్థం. బురద ఉబ్బి దిగకుండా ఉంటే జబ్బు మొదలైందన్న మాట. గబుక్కున దిగి పైన నీరు మసకగా మిగిలితే బురద ముదిరిపోయింది, కొంత తీసివేయాలి. రెండు గంటల తర్వాత అడుగున ఉన్న బురద బుడగలతో పైకి తేలితే తేట తొట్టిలో దాన్ని ఎక్కువసేపు ఉంచుతున్నారని అర్థం. ప్రయోగశాలలో బి.ఓ.డి. పరీక్ష ఫలితం రావడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. ఈ జాడీ అరగంటలో చెబుతుంది.

నాలుగవది, బురదను వేళకు తీయడం. చాలా కేంద్రాలు చెడేది ఇక్కడే. తోడు పేరుకుపోయి, తేట తొట్టి నిండి, ఒక వానరోజున నల్లని బురదంతా కాలువలోకి పోతుంది. ప్రతిరోజూ కొంచెం కొంచెం తీసి, ఇసుక పరిచిన ఆరబెట్టే మడులలో పోయాలి. ఖమ్మం ఎండలకు అది త్వరలోనే అట్టలు కడుతుంది. వానాకాలం రాకముందే మడులు ఖాళీ చేసి సిద్ధంగా ఉంచుకోవాలి.

ఐదవది, క్లోరిను. బ్లీచింగు పొడి సంచిని మూతి విప్పి పెడితే కొద్ది రోజులకే దాని బలం పోతుంది. నీరు మసకగా ఉన్నా, అమ్మోనియా మిగిలి ఉన్నా పొడి చాలావరకు వృథా అవుతుంది, క్రిములు సరిగా చావవు. ముందు నీరు తేటపడాలి, తర్వాతనే క్లోరిను.

ఆరవది, రిజిస్టరు. వచ్చిన నీరెంత, బ్లోయరు ఎన్ని గంటలు నడిచింది, కరెంటు మీటరు ఎంత, జాడీలో బురద ఎంత, తీసిన బురద ఎంత అని రోజూ ఐదు అంకెలు రాయాలి. ఈ ఐదు అంకెలు నెల రోజులు వరుసగా ఉంటే కేంద్రం జాతకం చెప్పవచ్చు. ఐతే రిజిస్టరు రోజూ రాయాలి గాని తనిఖీ వస్తున్నదని తెలిసి ముందురోజు రాత్రి నెలమొత్తం నింపకూడదు.

వరి మడి చెప్పే పాఠం

ఇక కరెంటు సంగతి. గాలి ఊదే కేంద్రాలలో విద్యుత్తులో సగమో అంతకుమించో బ్లోయర్లకే పోతుంది. కరెంటు బిల్లు కట్టలేక కేంద్రాన్ని మూసివేయడం ఒక పద్ధతి. రాత్రింబవళ్ళు ఆపకుండా నడపడం మరొక పద్ధతి. రెండూ సరికావు.

వరి రైతులకు ఒక అనుభవం ఉన్నది. మడిలో యూరియా చల్లిన తర్వాత నీరు తీసి ఆరగట్టి, మళ్ళీ నీరు పెడితే ఎరువులో కొంత భాగం పైరుకు అందకుండా పోతుంది. మడి ఆరినప్పుడు గాలి తగిలి అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది. మళ్ళీ నీరు నిలిచి గాలి ఆడనప్పుడు కొన్ని సూక్ష్మజీవులు ఆ నైట్రేటులోని ప్రాణవాయువును పీల్చుకుంటాయి. మిగిలిన నత్రజని గాలిలో కలిసిపోతుంది. రైతుకు ఇది నష్టం. శుద్ధి కేంద్రానికి ఇదే లాభం. నదిలో పడి నాచును పెంచవలసిన నత్రజని ఏ మందూ లేకుండా ఆకాశంలోకి పోతుంది.

అందుకని బ్లోయరును కొంతసేపు నడిపి కొంతసేపు ఆపడం వల్ల రెండు ప్రయోజనాలున్నాయి. ఒక కిలో అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి సుమారు నాలుగున్నర కిలోల ప్రాణవాయువు కావాలి. గాలి ఆపినప్పుడు సూక్ష్మజీవులు నైట్రేటును వాడుకుంటే అందులో సగానికి పైగా తిరిగి వచ్చినట్టే. పొలం మోటారుకు పెట్టుకునే టైమరు వంటిదే ఇక్కడా సరిపోతుంది. ఐదు హార్స్‌పవర్ల బ్లోయరు గంటకు సుమారు మూడు ముప్పాతిక యూనిట్లు కాలుస్తుంది. రోజుకు ఆరు గంటలు విడతలు విడతలుగా ఆపితే 22 యూనిట్లు, నెలకు 670 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఎనిమిది రూపాయల చొప్పున వేసుకున్నా ఐదు వేల రూపాయలకు పైమాటే. ఐతే ఎంతసేపు ఆపాలన్నది ఊహతో నిర్ణయించరాదు. నీటిలో కరిగిన ప్రాణవాయువు కొలిచి, జాడీ చూసి, పది పది నిమిషాలుగా పెంచుకుంటూ పోవాలి. అతిగా ఆపితే దుర్వాసన కొడుతుంది, తోడు చెడుతుంది.

ఇది గాలిమాట కాదు. హాలెండులో పాస్‌వీర్ అనే ఇంజనీరు 1954లో ఫోర్స్‌హోటెన్ అనే ఊరిలో ఒక గుండ్రని కాలువ తవ్వి, అందులో తిరిగే బ్రష్షు పెట్టి మురుగును శుద్ధి చేశాడు. బ్రష్షు తిరిగినప్పుడు గాలి, ఆపినప్పుడు తేట. ఒకే కాలువలో రెండు పనులూ జరిగాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015లో తక్కువ ఖర్చు మార్పులతో నత్రజని, భాస్వరం తగ్గించుకున్న కేంద్రాల అనుభవాలను పుస్తకంగా వెలువరించింది. వాటిలో మోంటానా రాష్ట్రంలోని చినూక్ వంటి చిన్న ఊరు కూడా ఉన్నది. సంపన్న దేశమే ఉన్నదాన్ని మెరుగుపరచుకోవడం నామోషీగా భావించనప్పుడు ఇక్కడివారు భావించవలసిన పనేమున్నది?

కరెంటు అక్కరలేని కుంటలు

పల్లెలకు బ్లోయర్లు, మోటార్లు అవసరమే లేని పద్ధతులు మేలు. 2020లో మొదలైన స్వచ్ఛభారత్ గ్రామీణ రెండవ దశలో ఇంకుడు గుంతలు, శుద్ధి కుంటలు, మొక్కల మడులు వంటివాటికి ప్రాధాన్యం ఇచ్చారు. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కంకరమడులలో తుంగజాతి, మెట్టతామర మొక్కలు పెంచి ఊరి మురుగును సాగుకు పనికివచ్చేలా చేసే పద్ధతిని చేసి చూపారు.

కరెంటు అక్కరలేదంటే కావలి అక్కరలేదని కాదు. శుద్ధి కుంటలో నీరు ఒక మూలనుంచి వచ్చి ఎదుటి మూలన పోవాలి. రెండు గొట్టాలూ పక్కపక్కనే ఉంటే వచ్చిన మురుగు వచ్చినట్టే పోతుంది. అటువంటి చోట వెదురు తడికెలకు టార్పాలిన్ కట్టి అడ్డుగోడలు నిలిపితే నీరు మెలికలు తిరిగి నిదానంగా నడుస్తుంది. కుంట నీరు ఆకుపచ్చగా ఉంటే ఆరోగ్యం. నల్లబడినా, గులాబీ రంగు తిరిగినా భారం మించిందని తెలుసుకోవాలి. గుర్రపుడెక్క కమ్ముకుంటే ఎండ లోపలికి దిగదు, దోమలు పెరుగుతాయి. గట్టువార గడ్డి నీటిలోకి వాలకుండా కోయాలి. బురద లోతు కుంట లోతులో మూడో వంతుకు చేరేసరికి పూడిక తీయాలి. ఇవన్నీ పార పట్టినవాడు చేయగల పనులే.

అన్నిటికంటె చిన్న శుద్ధి కేంద్రం రెండు గుంతల మరుగుదొడ్డి. ఒక గుంత నిండితే రెండవదానికి మళ్ళించి, మొదటిదాన్ని ఏడాదికి పైగా మూసి ఉంచితే అది వాసన లేని ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లిలో కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అటువంటి గుంతలోకి దిగి ఎరువు తీసి చూపారు. గుంత మార్చవలసిన వేళకు మార్చడమే అక్కడి రహస్యం. రెండు గుంతలనూ ఒకేసారి వాడుకుంటే పద్ధతి మొత్తం చెడుతుంది.

ట్యాంకర్ల బెడద, ప్రాణాల బెడద

ఎంత బాగా నడిచే చిన్న కేంద్రాన్నైనా ఒక్క రాత్రిలో చంపగలిగినవి సెప్టిక్ ట్యాంకులు తోడే లారీలు. వాటిలోని మలినం మామూలు మురుగుకంటె పది రెట్లకు పైగా చిక్కన. ఎవరూ చూడకుండా మ్యాన్‌హోలులో కుమ్మరిస్తే తోడంతా విరిగిపోతుంది. వాగులో కుమ్మరిస్తే చెప్పనే అక్కరలేదు. 2016లో గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ ఈ లారీలకు, సెప్టిక్ ట్యాంకులకు ప్రత్యేక నిబంధనలు తెచ్చి, ఆ తర్వాత మలినాన్ని వేరుగా శుద్ధిచేసే కేంద్రం నెలకొల్పింది. పొరుగు నగరం చేసిన పని ఈ ప్రాంతంలో మరింత పట్టుదలగా సాగవలసి ఉన్నది. లారీ ఏ ఇంటిలో తోడింది, ఎక్కడ పోసింది అన్నది చీటీ మీద రాయించితే సగం దొంగతనం ఆగుతుంది.

ఇంతకంటె ముఖ్యమైనది మనుషుల ప్రాణం. మురుగు తొట్టెలలో పుట్టే విషవాయువు రెండు పీల్పులలో మనిషిని పడగొడుతుంది. అతణ్ణి లాగడానికి దిగిన రెండవ మనిషీ పోతాడు. 2013 చట్టం రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులలోకి మనుషుల్ని దింపడాన్ని నిషేధించింది. అటువంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షల రూపాయలకు పెంచింది. పరిహారం ఇవ్వడంకంటె మనిషిని దింపకపోవడం చవక. పొడుగు కర్రకు కట్టిన గరిటె, గొలుసుతో పైకి లాగే మోటారు, తొట్టి చుట్టూ కంచె ఉంటే దిగే అవసరమే రాదు. శుద్ధి కేంద్రం బాగుపడడమంటే నీరు తేటపడడం మాత్రమే కాదు, అక్కడ పనిచేసే మనిషి సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరడం కూడా.

అడగవలసిన ప్రశ్నలు

"ఆపరేటరుకు జీతం ఎక్కడినుంచి తేవాలి?" అని అధికారులు ప్రశ్నించవచ్చు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు సిఫారసు చేసిన నిధులలో నూటికి 30 పాళ్ళు పారిశుద్ధ్యానికే ప్రత్యేకించింది. తర్వాతి కాలంలోనూ పారిశుద్ధ్యం వాటా కట్టడాలకే హరించిపోకుండా నడిపింపుకు కొంత భాగం కేటాయించుకోవాలి. కట్టడానికి ఇచ్చిన కాంట్రాక్టులోనే కనీసం ఐదేళ్ళు నడిపే బాధ్యత రాయించి, నీటి నాణ్యతనుబట్టి బిల్లు చెల్లించే షరతు పెట్టడం మరొక మార్గం.

ఐతే ఒక మాట స్పష్టం చేయవలసి ఉన్నది. నడిపింపు ఎంత బాగున్నా లక్ష లీటర్ల కేంద్రం మూడు లక్షల లీటర్లను శుద్ధి చేయలేదు. భారం నిజంగా మించినప్పుడు కొత్తది కట్టవలసిందే. కాని ఆ సంగతి తేల్చవలసింది రిజిస్టరులోని అంకెలే గాని కాంట్రాక్టరు మాట కాదు. సక్రమంగా నడిపి చూసిన తర్వాత వేసిన అంచనాకు, నడపకుండా వేసిన అంచనాకు లక్షల తేడా వస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం పెద్ద నగరాలు కాని చోట్ల శుద్ధి అయిన నీటిలో బి.ఓ.డి. లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదు. ఇంకా కఠినమైన ప్రమాణాలు కావాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. కాగితం మీద ప్రమాణం ఎంత కఠినమైనా దాన్ని కనిపెట్టి చూసేవాడు లేకపోతే ఫలితం సున్న. ఆ కనిపెట్టి చూడడంలో గ్రామస్థుల పాత్ర ఎంతైనా ఉన్నది.

గ్రామసభలోనో వార్డు సమావేశంలోనో ఐదు ప్రశ్నలు అడగవచ్చు. ఈ కేంద్రాన్ని రోజూ చూసే మనిషి ఎవరు, అతనికి ఎవరు నేర్పారు? నిన్నటి రిజిస్టరు చూపగలరా? జాడీ పరీక్ష చేసి చూపగలరా? తీసిన బురద ఎక్కడ పోశారు? మోటారు చెడితే మారుపెట్టడానికి మరొకటి సిద్ధంగా ఉన్నదా? ఈ ఐదింటికీ తడుముకోకుండా జవాబు వస్తే ఆ కేంద్రం నడుస్తున్నట్టే. రాకపోతే దాని ముందున్న శిలాఫలకం ఎంత మెరిసినా ప్రయోజనం లేదు.

శుద్ధి అయిన నీరు నర్సరీలకు, పశుగ్రాసానికి, చెట్లకు పనికివస్తుంది. పచ్చిగా తినే కూరలకు మాత్రం పెట్టరాదు. ఎండాకాలంలో బోర్లు అడుగంటే ఊళ్ళకు ఈ నీరు చిన్న ఆస్తి కాదు. ఖానాపురం హవేలి మొదలు భద్రాచలం అడవి దాకా ఉన్న ఊళ్ళు ఈ ఆస్తిని చేజేతులా వాగులపాలు చేసుకుంటున్నాయి. నగరపాలక సంస్థ, పంచాయతీలు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇకనైనా మేలుకొని కొత్త శంకుస్థాపనలకు ముందు పాత కేంద్రాలకు తగిన మనుషులను, తగిన శిక్షణను సమకూర్చాలి. ఒక లీటరు జాడీ, ఒక టైమరు, ఒక రిజిస్టరు, వాటి విలువ తెలిసిన ఒక మనిషి: ఈ నాలుగూ ఉంటే ఎగువన ఉన్న ఊరి మురుగు దిగువన ఉన్న ఊరికి శాపం కాకుండా పోతుంది.